మిలిటరీ పాలన మేలా?

"ఈ దేశాన్ని పదేళ్లు మిలిటరీ చేతికిస్తే గానీ బాగుపడదు." స్కాలర్‌షిప్ ఆలస్యమైనా, నాయకులు మాట తప్పినా మన హాస్టళ్లలో వినిపించే మాట ఇది. మిత్రులారా! నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రాంతం ఆ పాలనను ఒకసారి చూసింది.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం నిరంకుశత్వం కూలింది. రజాకార్ల పీడ వదిలిందని జనం సంతోషించారు. కానీ అధికారం మిలిటరీ గవర్నర్ జె.ఎన్. చౌదరికి దక్కింది. 1949 చివరి దాకా ఆయన ఆజ్ఞే చట్టం. ఆ కాలంలో మంచీ జరిగింది, 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. కాదనలేం.

మరి కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత, వెట్టిని ఎదిరించి పేదలు పంచుకున్న భూములేమయ్యాయి? సైన్యం అండతో దొరలు గడీలకు తిరిగొచ్చి చాలాచోట్ల వాటిని లాక్కున్నారు. గోదావరి అడవుల్లో దళాలకు అన్నం పెడుతున్నారని కోయగూడేలను ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. ఈ అన్యాయాన్ని అడగడానికి ప్రజలెన్నుకున్న సభ లేదు, ఓటు లేదు.

1950 జనవరి 26న ముఖ్యమంత్రి అయిన వెల్లోడి కూడా కేంద్రం నియమించిన అధికారే. 1952లో తొలి ఎన్నికలు జరిగాకే, మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ఎన్నికైన ముఖ్యమంత్రిగా వచ్చారు. అప్పటికి జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో పి.డి.ఎఫ్. పేరుతో పోటీ చేసిన రావి నారాయణరెడ్డి నల్గొండ లోక్‌సభ స్థానంలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు సాధించారు. అదే నియోజకవర్గం రిజర్వుడు సీటు నుంచి సుంకం అచ్చాలు పార్లమెంటుకు వెళ్లారు. సైన్యం నిన్నటిదాకా వేటాడిన పక్షాన్ని జనం ఓటుతో ఢిల్లీకి పంపారు.

పక్కనున్న పాకిస్థాన్‌లో 1958లో గద్దెనెక్కిన జనరల్ అయూబ్ ఖాన్ 1969లో దిగిపోతూ మరో జనరల్‌కే అధికారం అప్పగించాడు. మనకు ఆ గతి పట్టలేదంటే, రాజ్యాంగం అప్పటికే సిద్ధమైంది గనుక. రాజకీయాల్లో వ్యక్తి భక్తి నియంతృత్వానికి దారితీస్తుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ హెచ్చరించిన నాటికి మన ఊళ్లు మిలిటరీ పాలనలోనే ఉన్నాయి.

దయతో ఇచ్చిన మేలును రేపు మరొక ఆర్డరుతో తీసేసుకోవచ్చు. స్కాలర్‌షిప్ రాకపోతే దరఖాస్తు పెట్టగలుగుతున్నాం, ధర్నా చేయగలుగుతున్నాం. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఆ హక్కును విసుగుతో వదులుకోవద్దు. పద్దెనిమిదేళ్లు నిండగానే ఓటరుగా పేరు నమోదు చేయించుకోండి.