గొయ్యి తవ్వించినవారము



సుబేదారిలో మా కాపరి గృహము వెనుక పెరడులో బాప్తిస్మపు తొట్టి కట్టించామని లోగడ ఈ శీర్షికలో రెండు మాటలు వ్రాశాము. అది చదివిన పల్లె సంఘములవారు కొందరు కనబడినప్పుడల్లా అడుగుతున్నారు: ఇటుకతో కట్టవచ్చునా? నీరు కారకుండా ఏమి చేశారు? మా ఇంటి దగ్గర కూడా ఒకటి కట్టుకుంటే ఎట్లుంటుంది? సిమెంటు, సలాకల ధరలు నెలకొక తీరుగా ఉంటాయి గనుక ఖర్చు లెక్క ఇక్కడ పెట్టము. మిగిలిన సంగతి, అందులో మేము చేసిన తప్పుతో సహా, దాచకుండా చెప్పవలెనని ఈ నెల కలము పట్టుకున్నాము.

తొట్టి ఎందుకని మొదట అడిగినవారు మా సంఘములోని ముసలివారే. "మేము చెరువులోనే పుచ్చుకున్నాము, మాకేమి తక్కువైంది?" అన్నారు. వారి మాటలో బలమున్నది. మన తెలుగు దేశములో సువార్త నీళ్ల ఒడ్డుననే పెరిగింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లి రేవున, గుండ్లకమ్మ ఏటిలో, క్లౌ దొరగారి కాలములో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని నీటిలో నిలబడ్డారు. ఆ మరుసటి ఏట, 1879లో, మన హనుమకొండలో మిషను స్థానము ఆరంభమైనది. ఆ తరములవారికి ఊరి చెరువే తొట్టి. ఊరంతా గట్టు మీద నిలబడి చూసేది. ఆ బహిరంగ సాక్ష్యము నాలుగు గోడల మధ్య పోతుందేమోనన్న భయము మాకూ ఉండేది, ఇప్పటికీ కొంత ఉన్నది.

కాని ఇప్పటి పట్టణపు పరిస్థితి వేరు. వడ్డేపల్లి చెరువు నీరు త్రాగే నీరు, అందులో దిగడము న్యాయము కాదు. పల్లె చెరువులకు వెళితే వేసవిలో మోకాలి లోతు బురద, వానాకాలములో ఎక్కడ లోతున్నదో తెలియని భయము. ఆడవారు తడిబట్టలతో తుమ్మచెట్ల చాటున నిలబడవలసి వచ్చేది. కీళ్ల నొప్పులున్న ఒక తల్లిని గట్టు దింపలేక రెండుసార్లు వెనుకకు తీసుకొని వచ్చాము. ఆమె కన్నీరు చూసిన తరువాతనే పెద్దలు ఒప్పుకున్నారు.

ఇంటిలో తొట్టి అన్నది కొత్త ఆచారము కూడా కాదు. సిరియా దేశములో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపోస్ అనే పట్టణమున్నది. పారసీకుల దాడిలో క్రీ.శ. 256 ప్రాంతమున అది పాడైపోయి మట్టిలో పూడిపోయింది. 1930లలో త్రవ్వినప్పుడు అక్కడ ఒక మామూలు ఇల్లు బయటపడింది. దానిని క్రైస్తవులు ఆరాధనకు మార్చుకున్నారు. ఒక గదిలో ఇటుకతో కట్టిన తొట్టి, గోడల మీద మంచి కాపరి బొమ్మ. పక్కనే అంత పెద్ద నది పారుతుండగా వారు ఇంటిలోనే తొట్టి కట్టుకున్నారు! (మన పాఠకులలో చిలకరించే సంఘములవారు కూడా ఉన్నారని మాకు తెలుసు. ఆ చర్చ ఇప్పుడు వద్దు.)

ఇక పని సంగతి. లోపలి కొలత తొమ్మిది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు. ఒక చివర మెట్లు. మూడున్నర అడుగుల మేర నింపితే నాలుగు వేల లీటర్లకు కొంచెము తక్కువ పడుతుంది. అంటే దాదాపు నాలుగు టన్నుల బరువు. నలుగురు నిలబడే చిన్న తొట్టి అయినా అంత బరువు గోడలను బయటికి త్రోస్తూనే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు బయటి మట్టి, వాన నీరు లోపలికి త్రోస్తాయి. అందుకే ఇటుక గోడ కట్టి గచ్చు చేస్తే చాలునన్న సలహాను మా మేస్త్రి ఒప్పుకోలేదు. సలాకలు కట్టి కాంక్రీటు పోయవలసిందే అన్నాడు. జనగామ వైపు మనిషి, చదువు తక్కువ, నీళ్ల ట్యాంకులు కట్టి కట్టి ఆరితేరినవాడు.

ఓరుగల్లు నేల సంగతి తెలిసినదే కదా, పైన మొరము, కింద బండ. నాలుగడుగులు దిగడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులలోనే మొదటి దెబ్బ తగిలింది. మా వీధిలో మేకలు పెంచుకొని బ్రతికే ఒక వృద్ధురాలున్నది. ఒక రాత్రి ఆమె మేక, కడుపుతో ఉన్నది, పెరటి కంచె సందున దూరి మా గోతిలో పడింది. తెల్లవారి చూస్తే బండ మీద చచ్చి ఉన్నది. ఆమె వచ్చి, "అయ్యగారూ, మీరు దేవుని మనుషులు, మిమ్మల్ని నేనేమనాలె?" అని కొంగు నోటికి అడ్డము పెట్టుకున్నది. ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

మా పెద్దలలో ఒకరు, మేకను కట్టివేసుకోవలసిన బాధ్యత ఆమెదే అన్నారు. నిర్గమకాండము 21వ అధ్యాయము 33, 34 వచనములు తెరచి వారి ముందు పెట్టాము. గొయ్యి తవ్వి కప్పకుండా విడిచినవాడు, అందులో పడిన పశువు ఖరీదు దాని యజమానునికి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము. చచ్చిన పశువు గొయ్యి తవ్వినవానిదని కూడా అక్కడే ఉన్నది గాని, ఆ భాగము నెరవేర్చడానికి మాకు మనసు రాలేదు. మేక ధర, పుట్టవలసిన పిల్లల ధర కలిపి మా జీతములోనుండి రెండు వాయిదాలలో ఇచ్చుకున్నాము. ఆ రోజే వెదురు బొంగులు అడ్డము వేసి తడికెలు కప్పించాము. మొదటి రోజే వేయవలసిన తడికెలు.

అడుగు కాంక్రీటు బాగానే పడింది. అడుగు పలకను గోడల కంటే ఒక అడుగు వెలుపలికి చాచి పోయించాడు మేస్త్రి. ఎందుకంటే, వానాకాలములో భూమిలో నీరు పైకి వచ్చినప్పుడు ఖాళీ తొట్టి పడవవలె తేలి లేస్తుందట. చాచిన అంచు మీద మట్టి బరువు కూర్చుంటే లేవదు. 2020 ఆగస్టులో హనుమకొండ వీధులు ఎట్లా మునిగాయో చూసినవారికి ఇది వింతగా తోచదు. పది మిల్లీమీటర్ల సలాకలు ఆరంగుళముల ఎడముతో కట్టారు. మట్టి తగిలే వైపు సలాకకు రెండంగుళముల కాంక్రీటు కప్పు ఉండేటట్లు కవర్ బ్లాకులు పెట్టారు. సలాక పైకి తేలితే తుప్పు పట్టి ఉబ్బి గోడను పగులగొడుతుంది. పాళ్లు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. నీరు బస్తాకు పాతిక లీటర్లు దాటకూడదు. పోయడము సులువని కూలీలు బొక్కెన మీద బొక్కెన కుమ్మరిస్తారు. ఆ ఎక్కువ నీరు ఆరిపోయిన చోట సన్నని రంధ్రములు మిగిలి, రేపు అక్కడనుండే నీరు కారుతుంది.

గోడలు పోయవలసిన రోజు శనివారము. కలిపే మిల్లరు రావడమే పదకొండు గంటలకు వచ్చింది. మేస్త్రి మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఇయ్యాల మొదలువెడితే పొద్దుగూకే దాంక ఒడువది. గోడ నడిమిట్ల ఆపొద్దు. సోమవారం పొద్దుగాల్నే పెట్టుకుందాం" అన్నాడు. సోమవారము మేము ఉజ్జీవ కూటములకు బయలుదేరవలసి ఉన్నది. పని మా కళ్లెదుటనే జరగవలెనన్న పట్టుదల మాది. ఈస్టరుకు బాప్తిస్మములని మందిరములో ప్రకటించి కూడా ఉన్నాము. "ఈ రోజే కానియ్యి" అన్నాము. చీకటి పడేసరికి గోడలు సగమే లేచాయి. లైట్లు పెట్టి రాత్రికి ముగిస్తానన్నాడు. హాలులో శనివారపు ఉపవాస కూడిక, మిల్లరు చప్పుడుకు ప్రార్థన సాగదని ఆపించినది కూడా మేమే. ఆదివారము పని లేదు. సోమవారము పాత కాంక్రీటు మీద గీతలు కొట్టి, సిమెంటు పాలు పోసి, మిగిలిన సగము పోశాడు. అతడు చేయగలిగినది చేశాడు.

తరువాత నాలుగు వారములు గోనె సంచులు కప్పి తడిపాము. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది ఎండి కాదు, నీరు త్రాగి గట్టిపడుతుంది. వేసవి ఎండలో ఒక్క పూట తడపడము మానినా పైన వెంట్రుక వంటి పగుళ్లు వస్తాయి. ఆ పని మా ఇంటివారు, పిల్లలు తప్పకుండా చేశారు.

టైల్సు వేయకముందే, చుట్టూ మట్టి పూడ్చకముందే నీరు నింపి చూడాలన్నాడు మేస్త్రి. మీరు ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. టైల్సు అందానికి, శుభ్రానికి గాని నీటిని ఆపవు. నింపిన తరువాత మొదటి రెండు మూడు రోజులు కాంక్రీటు నీరు పీల్చుకుంటుంది, అది లెక్క కాదు. ఆ తరువాత ఒక బొక్కెనను మెట్టు మీద పెట్టి, లోపలా బయటా నీరు ఒకే మట్టము ఉండేటట్లు నింపి, రెండు చోట్లా గీత గీయాలి. ఎండకు రెండూ ఒకే విధముగా తగ్గుతాయి. తొట్టి ఎక్కువ తగ్గితే కారుతున్నట్లే. ఐదు రోజులకు బొక్కెనలో ఒకటిన్నర అంగుళము తగ్గింది. తొట్టిలో నాలుగున్నర. బయట గోడ చుట్టూ, సగము ఎత్తున, తాడు కట్టినట్లు నల్లని తడి గీత. అది శనివారము సాయంత్రము మేము ఆపించిన గీత.

సంఘ కమిటీ కూర్చున్నది. మేస్త్రికి ఇయ్యవలసిన బాకీ ఆపివేయాలని, పని చెడగొట్టినవానికి కూలి ఏమిటని ఇద్దరు పెద్దలు గట్టిగా అన్నారు. మేస్త్రి బయట వేపచెట్టు కింద కూర్చొని ఉన్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. మేము మౌనముగా ఉంటే ఆ తీర్మానము అయిపోయేదే. శోధన నిజముగా వచ్చిందని ఒప్పుకుంటున్నాము. ఆదివారము పులపిటము ఎక్కవలసినవాడు తన తప్పును కూలివాని మీద జరిగిపోనిస్తే ఎవరికి తెలుస్తుంది? యాకోబు పత్రిక 5వ అధ్యాయములో బిగపట్టిన కూలిని గూర్చి ఉన్న హెచ్చరిక మా కళ్ల ముందు మెదిలింది. లేచి నిలబడి జరిగినది జరిగినట్లు చెప్పాము. క్లౌ దొరగారు కరువు కాలములో, అన్నము కోసము వచ్చారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపి ఉంచారని మేమే ఎన్నోసార్లు ప్రసంగించాము. మేము శనివారమునుండి సోమవారము దాకా ఆగలేకపోయాము.

కూలి పూర్తిగా ఇచ్చారు. మరమ్మతు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది, సగము మేము పెట్టుకున్నాము. బాకీ ఆపమన్న పెద్దలలో ఒకరు అప్పటినుండి మాతో మునుపటివలె మాట్లాడడము లేదు. వారికోసము ప్రార్థిస్తున్నాము, వారి ఇంటికి రెండుసార్లు వెళ్లాము కూడా.

మరమ్మతుకు ఆ గీత వెంబడి లోపలినుండి ఉలితో అంగుళము లోతు గాడి తీసి, కడిగి, కుంచించుకుపోని ప్రత్యేకపు సిమెంటుతో నింపారు. దాని మీద నీరు దిగని పూత రెండు చేతులు, ఆపైన గచ్చు. మళ్లీ బొక్కెన పరీక్ష పెడితే రెండు గీతలూ సమానముగా దిగాయి. అప్పుడే చుట్టూ మట్టి పూడ్చి, టైల్సు అంటించారు. మెట్లకు, అడుగుకు జారని గరుకు టైల్సే వేయండి. తడిబట్టలతో దిగేవారు ఎక్కువమంది వయసు మళ్లినవారు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నది, ఇంటి మీద రక్తాపరాధము రాకూడదని. తొట్టికి అంతే. పసిబిడ్డ జానెడు నీటిలో కూడా మునిగిపోతుంది. మా తొట్టి అంచు నేల మీదికి అడుగు ఎత్తున ఉన్నది, పైన ఇనుప జాలి తలుపు, దానికి తాళము. రెండవది కరెంటు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి వేకో పట్టణములో 2005 అక్టోబరు 30న కైల్ లేక్ అనే 33 ఏండ్ల పాస్టరు బాప్తిస్మపు తొట్టిలో నిలబడి మైకు పట్టుకోగా కరెంటు కొట్టి చనిపోయారు. మన పల్లెలలో వైర్లు ఎట్లా వేలాడుతుంటాయో మీకు తెలుసు. నీటిలో దిగినవారు మైకు ముట్టకూడదు. నింపే మోటారు ప్లగ్గు ఊడదీసి చేత పట్టుకున్న తరువాతనే మేము నీటిలో దిగుతాము.

బాప్తిస్మములైన మరునాడే నీరు వదలివేయండి. నిలువ నీటిలో డెంగ్యూ దోమ వారము పది రోజులలో తయారవుతుంది. మా నీరు కాలువ గుండా కొబ్బరి, మునగ చెట్లకు పోతుంది.

ఈస్టరుకు కావలసినవి పెంతెకొస్తు ఆదివారమునకు జరిగాయి. తొమ్మిదిమంది దిగారు. గట్టు దిగలేక వెనుకకు వచ్చిన తల్లి మొదట దిగింది, ఇద్దరు సహోదరీలు పట్టుకోగా, ఒక్కొక్క మెట్టు. పెరటి గేటు ఆ రోజు బార్లా తెరచి ఉంచాము, వీధివారు వచ్చి చూశారు. మేకల అవ్వ కూడా గేటు దగ్గర నిలబడింది. మేస్త్రి రాలేదు, వేరే ఊరిలో పని మీద ఉన్నాడట.

కట్టుకోవలెనన్న సంఘములవారు ఏ ఆదివారమైనా ఆరాధన తరువాత సుబేదారికి రండి. తాళము తీసి చూపిస్తాము. ఖాళీగా ఉన్నప్పుడు మెట్లు దిగి చూడవచ్చును.