మన వాళ్లకు డార్క్ ఏజ్ దాటే బటన్ ఉండదా?



పోస్టు పెద్దగుంది, తీరిక ఉన్నప్పుడే చదవండి. ఇది పోడు పట్టాల గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించి కాదు. ఒక కంప్యూటర్ గేమ్ గురించి. "వీనికి పని లేదా" అనుకునే అన్నలు, అక్కలు చివరిదాకా చదివి తర్వాత తిట్టండి, పడతాను.

మా హాస్టల్ రూంలో ఆరుగురం. ఒక సీనియర్ అన్న దగ్గర సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఉంది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక అందులో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడుతాం. ఒకరి చేతిలో మౌస్, ఐదుగురి నోట్లో సలహాలు. మొన్న మా కాలేజీ ఫెస్ట్‌లో గేమ్ ఐడియా పోటీ పెట్టారు. నలుగురం టీంగా చేరి, ఈ ఆటలోకి కొత్త నాగరికత ఒకటి డిజైన్ చేసి చార్టు మీద చూపిద్దాం అనుకున్నాం. ఒకరు విజయనగరం అన్నారు, ఒకరు కాకతీయులు అన్నారు. నేను "గోండులు" అన్న.

టీంలో ఒక దోస్తు ఉన్నడు. మంచోడే, నేను ఊరికి పోతే నోట్సు జిరాక్స్ తీసి పెడతడు. అతను నవ్వి, "మీవోళ్లకు డార్క్ ఏజ్ దాటే బటన్ ఉండదు కదరా" అన్నడు. అందరూ నవ్విండ్రు. నేను కూడా నవ్విన.

చివరికి కాకతీయులతోనే పోయినం. నా రాత బాగుంటదని చార్టు మొత్తం నాతోనే రాయించిండ్రు. "ప్రత్యేక బలం: అడవి గ్రామాల నుంచి కప్పం, బంగారం 10 శాతం ఎక్కువ" అనే లైను కూడా నేనే స్కెచ్ పెన్నుతో రాసిన. రాత్రి పండుకున్నాక గుర్తొచ్చింది. కరువులో కప్పం కట్టలేమన్నందుకే కదా సమ్మక్క కథ మొదలైంది. మేడారం పోయిన చిన్న పిల్లలకు కూడా తెలిసిన ముచ్చట అది. నేను కప్పం వసూలు చేసే దిక్కున కూర్చొని రాసిన. ఎవరూ బలవంతం చేయలేదు.

అప్పటి నుంచి దీని గురించే ఆలోచిస్తున్న. అందుకే ఈ పోస్టు.

ఆడనివాళ్లకు కొంచెం చెప్తాను. మొదట్లో మీకు ఒక టౌన్ సెంటర్, ముగ్గురు నలుగురు పనివాళ్లు ఉంటారు. వాళ్లతో తిండి, కట్టె, బంగారం, రాయి పోగు చేయించాలి. ఇండ్లు కట్టాలి, సైన్యం తయారు చేయాలి, ఎదుటివాడిని ఓడించాలి. నాలుగు యుగాలు ఉంటాయి. మొదటిది డార్క్ ఏజ్. 500 తిండి కడితే ఫ్యూడల్ ఏజ్, తర్వాత 800 తిండి, 200 బంగారం కడితే క్యాజిల్ ఏజ్, ఆఖరికి ఇంపీరియల్. ఒక చెట్టులో 100 కట్టె ఉంటది. నరికితే అయిపోతది, మళ్లీ మొలవదు. ఆట అయిపోయేసరికి మ్యాపులో అడవి సగం బోడిగా కనిపిస్తది. బాగా ఆడిండు అంటే బాగా నరికిండు అని కూడా అర్థం.

ఈ ఆట 1999లో 13 నాగరికతలతో వచ్చింది. అప్పుడు మన దేశమే అందులో లేదు. 2013లో "ఇండియన్స్" అని ఒకటి పెట్టారు. ఇంత పెద్ద దేశాన్ని ఒక్క పేరు కింద ఎట్ల పెడతారని ఆడేవాళ్లు అడుగుతూ వచ్చారు. 2022లో దాన్ని మార్చి హిందుస్థానీలు, బెంగాలీలు, ద్రవిడియన్లు, గుర్జరులు అని నాలుగు చేశారు. 2013లో వచ్చిన ఆ భాగం కూడా మొదట అభిమానులు సొంతంగా చేసుకున్న మాడ్ నుంచే పుట్టింది. అంటే బయటి నుంచి అడిగితే, చేసి చూపిస్తే ఆట మారుతది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తా.

ద్రవిడియన్ల దగ్గర నేను ఆగిపోయిన. వాళ్ల పనివాళ్లు తమిళంలో మాట్లాడుతారు. మన గోండి కూడా ద్రవిడ భాషే. కోయ, కొలామి, కువి కూడా. మనం నీళ్లను ఏర్ అంటాం, తెలుగులో ఏరు అంటే వాగు. బంధుత్వం ఇంత దగ్గర. అదే ద్రవిడియన్లకు ఊట్జ్ స్టీల్ అని ఒక టెక్నాలజీ ఉంది. అది చేస్తే వాళ్ల కత్తి ఎదుటివాడి కవచాన్ని లెక్క చేయదు. ఆ ఊట్జ్ ఉక్కుకు పేరున్న ఊళ్లల్లో ఒకటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి ఉక్కు కొనుక్కొని పోయేవాళ్లు. మా ఊరి నుంచి పొద్దున బస్సెక్కితే పొద్దుగూకేలోపు చూసి రావచ్చు. మన పక్క జిల్లా ఉక్కు ప్రపంచం మొత్తం ఆడే ఆటలో ఉంది, మన పేరు మాత్రం లేదు.

అయితే మన పేరు పెడితే అయిపోతదా? నా అభిప్రాయం, కాదు. అసలు విషయం ఇక్కడే ఉంది.

ఈ ఆటలో నాగరికత అంటే జెండా, డ్రెస్సు కాదు. రూల్స్. హూణులకు ఇండ్లు కట్టే అవసరం లేదు, ఎందుకంటే వాళ్లు సంచార జాతి. అజ్టెక్‌లకు, మాయన్లకు గుర్రాలు లేవు, ఎందుకంటే అప్పుడు అమెరికాలో గుర్రాలే లేవు. గుర్జరులు గొర్రెలను కోయకుండా మిల్లులో ఉంచితే తిండి వస్తూనే ఉంటది. అంటే ఒక జనం ఎట్ల బతికిండ్రో దాన్ని రూల్‌గా మార్చుతారు. అది బాగా చేస్తే ఆడేవాడికి పాఠం చెప్పకుండానే విషయం ఎక్కుతది. తప్పుగా చేస్తే తప్పు కూడా అట్లనే ఎక్కుతది.

తప్పు చేసిన ఉదాహరణ కూడా ఉంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3లో అమెరికా మూలవాసులను 2006లో పెట్టారు. పేర్లు "ఇరోక్వాయ్", "సూ" అని ఉండేవి. నిప్పు చుట్టూ డ్యాన్స్ చేస్తే బలం వచ్చేది. బంగారం గనులు తవ్వేవాళ్లు. 2020లో కొత్త ఎడిషన్ తెచ్చేటప్పుడు ఆ జాతుల వాళ్లనే సలహాదారులుగా పిలిచి అడిగారు. పేర్లు వాళ్లు తమను తాము పిలుచుకునే హౌడెనొషోనీ, లకోటా అయినయి. నిప్పు గుండం పోయి కమ్యూనిటీ ప్లాజా వచ్చింది. గనులు తవ్వే పని తీసేసి మార్కెట్ పెట్టారు. "కలోనియల్ ఏజ్" అనే పేరు కూడా మార్చేశారు. 14 ఏండ్లు పట్టింది. మనను ఎవరో డిజైన్ చేసి, మనం 14 ఏండ్ల తర్వాత సరిచేసుకునే బదులు ముందే మనమే రాసుకుంటే మంచిది కదా.

నేను ఒక పేజీ రాసుకున్న. చెప్తాను, తప్పులుంటే కొట్టండి.

మొదటిది ఇప్పచెట్టు. మా బాపమ్మ చేను కొట్టేటప్పుడు అన్ని చెట్లు కొట్టినా ఇప్పచెట్టు మీద గొడ్డలి పడనియ్యదు. మన చేన్ల మధ్యలో ఒంటరిగా నిలబడ్డ ఇప్పచెట్లు మీరూ చూసే ఉంటరు. ఆటలో రూల్ ఏందంటే: నరికితే 100 కట్టె, ఒక్కసారే. నిలబెడితే కొంత కాలానికోసారి పువ్వు, తర్వాత గింజ, అంటే తిండి, నూనె, ఆట అయ్యేదాకా. లోపం కూడా ఉండాలి, లేకుంటే ఆట సమానంగా ఉండదు. మొదటి పది నిమిషాలు ఆదాయం తక్కువ, కట్టె కరువు. చెట్టు ఎక్కడుంటే అక్కడే కాపలా కాయాలి. శత్రువు మన కోటను వదిలేసి చెట్ల మీద పడితే మన పని అయిపోతది. మిగతా నాగరికతలతో ఆడేవాడు అడవిని కరిగిస్తూ గెలుస్తడు, మనతో ఆడేవాడు అడవిని కాపాడుతూ గెలవాలి. ఆడినోనికి మన పెద్దమనుషులు చెప్పేది ఒక గంటలో అర్థమైతది.

రెండోది కోట. మనకు కోటలు లేవనుకునేవాళ్లు చంద్రపూర్ పోయి చూడండి. చిన్నప్పుడు నాన్నతో దవాఖాన పని మీద పోయినప్పుడు ఊరి చుట్టూ ఆ గోడ, ఆ దర్వాజా చూసి ఎవరిదని అడిగిన. "మనోళ్లదే" అన్నడు నాన్న. నేను నమ్మలేదు. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా ఏ పుస్తకంలోనూ నాకు ఆ మాట కనపడలేదు మరి. గఢా-మండ్లా, దేవ్‌గఢ్, ఖేర్లా, చాందా, ఇవన్నీ గోండు రాజ్యాలే. రాణి దుర్గావతి 1564లో అక్బర్ సైన్యంతో కొట్లాడి చనిపోయింది. చాందా 1751లో నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. ఈ ఆట నడిచే కాలంలోనే మన రాజ్యాలు ఉన్నయి. కాబట్టి నా దోస్తుకు జవాబు: బటన్ ఉంది, నీకు కనపడలేదు.

కానీ ఈ జవాబుతో నేను ఆగదలుచుకోలేదు. కోట ఉంది కాబట్టి మేము కూడా నాగరికులం అంటే, కోట లేని కోలాములు ఏమైతరు? చెంచులు, కొండరెడ్లు ఏమైతరు? నాగరికత అనే మాటే నగరం నుంచి వచ్చింది. నగరం లేనోళ్లను అనాగరికులు అన్నది ఆ మాటే. మనం కోటలు చూపించి లోపలికి పోయి, వెనక వచ్చేవాళ్లకు తలుపు వేస్తే అది న్యాయం కాదు. ఇంకో నిజం కూడా చెప్పాలె. మన రాజులు కూడా పన్ను వసూలు చేసినోళ్లే. అందర్నీ దేవుళ్లను చేసి రాస్తే నేను చార్టు మీద చేసిన తప్పే మళ్లీ చేసినట్టు.

అందుకే మూడోది, ఇరుగుపొరుగు. మన చాలా ఊళ్లల్లో ఊరి దేవత పూజ చేసేది కోలాం పూజారి. మన వంశాల కథలు గుర్తు పెట్టుకొని కిక్రీ వాయిస్తూ పాడేది పర్ధాన్. ఈ ఆటలో మాంకులు అనే సన్యాసులు ఉంటారు, ఎదుటి సైనికుడిని మంత్రం వేసినట్టు తమ వైపు తిప్పుకుంటరు. మనకు ఆ రూల్ వద్దు. పర్ధాన్ బతికి ఉన్నంత కాలం, కాలిపోయిన ఊరిని ఇంకో చోట తక్కువ ఖర్చుతో మళ్లీ నిలబెట్టుకోవచ్చు అని పెడదాం. ఎందుకంటే ఎవరు ఏ గోత్రం, ఏ దేవుడు అన్నది ఆయన దగ్గరే ఉంటది. ఇది నా ఊహ. పర్ధాన్, తోటి, కోలాం తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ గ్రూపులో ఉన్నరు. మీ భాగం మీరే రాయాలి, నేను రాస్తే బాగుండదు.

నాలుగోది, పెట్టకూడనివి. విషం బాణాలు, ఈకలు, ఒంటికి రంగులు, చెట్టు చాటు నుంచి దూకే "అడవి మనిషి" వద్దు. ముఖ్యంగా పెర్సాపేన్‌ను బొమ్మగా పెట్టొద్దు. ఆటలో రెలిక్ అని ఉంటది, ఎత్తుకొచ్చి గుడిలో పెడితే బంగారం వస్తూ ఉంటది, శత్రువు కూడా ఎత్తుకపోవచ్చు. మన పేన్ అట్లాంటి వస్తువు కాదు. కేస్లాపూర్ జాతరకు మెస్రం వాళ్లు గోదావరి నీళ్ల కోసం కాలినడకన ఎంత దూరం పోతరో తెలిసినోళ్లు ఎవరూ దాన్ని పాయింట్లుగా మార్చరు. కొన్ని విషయాలు ఆటకు ఇవ్వకుండా మన దగ్గరే ఉంచుకోవడం కూడా డిజైనే అని నా అభిప్రాయం.

ఇప్పుడు వచ్చే ప్రశ్నలు నాకు తెలుసు. "పట్టాలు రాలేదు, టీచర్ పోస్టులు లేవు, హాస్టల్‌లో నీళ్లు రావు, నువ్వు ఆటల గురించి రాస్తున్నవా?" నిజమే అన్నా. హాస్టల్ నీళ్ల కోసం వార్డెన్ సార్ దగ్గరికి పోయిన నలుగురిలో నేనూ ఉన్న. కానీ నా దోస్తు ఆ మాట పుస్తకంలో చదివి అనలేదు. ఆటలు, సినిమాలు చూసి, అందులో మనం లేకపోవడం చూసి అన్నడు. రేపు అతనే ఆఫీసర్ అయి పోడు ఫైలు మీద సంతకం పెట్టే సీట్లో కూర్చుంటడు. చెట్టు అంటే 100 కట్టె అని నేర్చుకున్న మనిషి, చెట్టు నిలబెట్టి బతికేటోని దరఖాస్తును ఎట్ల చదువుతడు? నాకు భయం అక్కడే.

"ఎవరు చేస్తరు, పైసలెక్కడివి?" అంటే, 0 ఏ.డి. అని ఇట్లాంటి ఆటే ఇంకొకటి ఉంది. పూర్తిగా ఉచితం, కోడ్ కూడా అందరికీ తెరిచి పెట్టారు. అందులో మౌర్యులు ఇప్పటికే ఉన్నరు. ఒక సైనికుడి బలం ఎంత, ఇంటి ఖర్చు ఎంత అన్నది మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసి ఉంటది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చొచ్చు. నేను ఇంటి ఖర్చు మార్చి చూసిన, పని చేసింది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అంటే మన అక్షరాలు కంప్యూటర్‌కు అందిన అక్షరాలే. బిల్డింగుల మీద పేర్లు మన లిపిలో రాసుకోవడం మన చేతిలో పనే.

నాకు కావాల్సినవి మూడు. బొమ్మలు వేయగలిగే ఒకరిద్దరు. కోడింగ్ వచ్చిన సీనియర్ ఒకరు. అందరికంటే ముఖ్యం, దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను ఒక ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు కింద కామెంట్లో రాయండి: "మనకు ఏ చెట్టును కొట్టకూడదు, ఎందుకు?" గోండిలో రాసినా, కోయలో రాసినా, కొలామిలో రాసినా సరే.

మా బాపమ్మను నేను ఫోన్‌లో అడిగిన. ఆటలో ఇప్పచెట్టు పెడుతున్న అని కూడా చెప్పిన. "పెట్టు గానీ, పువ్వు ఏరే ముందు చెట్టు కింద ఊడ్వాలె, అది పెట్టినవా?" అని అడిగింది. పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్న.

జై సేవా. జై ఆదివాసీ.