సామాను లారీ ఎక్కక ముందే



మన పల్లెల్లో ఇల్లు మారడమంటే ఒకప్పుడు ఎడ్లబండో, ట్రాక్టరో కట్టించుకోవడమే. ఇరుగుపొరుగు నలుగురు వచ్చి మంచాలు, బిందెలు ఎక్కించేవారు, అవతల దించేవారు. వారికి కడుపునిండా అన్నం పెడితే సరిపోయేది. ఇప్పుడు పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, చెన్నైలో ఉంటున్నారు. ఉద్యోగాలు ముగిసినవారు సొంత ఊళ్ళకు తిరిగి వస్తున్నారు. అందుచేత ‘ప్యాకర్స్ అండ్ మూవర్స్’ అనే మాట మన గ్రామాలకు కూడా వచ్చింది. ఆ పనిని నమ్మకంగా చేసేవారు చాలామంది ఉన్నారు. ఈ నెల నేను వ్రాస్తున్నది అలా చేయనివారి గూర్చి.

మా సంఘంలో ఒక తల్లి ముప్పై ఏళ్ళు హైదరాబాదులో కాపురముండి, భర్త పోయిన తరువాత కోనసీమలోని పుట్టింటి ఊరికి వచ్చేసింది. జాకెట్లు కుట్టుకొని ఎవరికీ భారం కాకుండా బ్రతుకుదామని ఆమె ఆలోచన. కుమారుడు ఫోనులో ఒక కంపెనీని మాట్లాడాడు. కిరాయి 22,000 రూపాయలు, అడ్వాన్సు 5,000. నలుగురు కుర్రాళ్ళు వచ్చి చకచకా అట్టపెట్టెల్లో సర్ది, గోనెపట్టాలు చుట్టి, ఎక్కించుకుపోయారు. చేతిలో పెట్టిన చీటీ మీద ‘ఇంటి సామాను, 42 నగాలు’ అని మాత్రమే ఉంది. రేపు ఉదయానికల్లా చేరుతుందన్నారు.

మూడవ రోజున వేరే నంబరు నుండి ఫోను వచ్చింది. సామాను దారిలో గోడౌనులో దించామని, బరువు ఎక్కువ వచ్చిందని, ఇంకా 14,000 కట్టకపోతే బండి కదలదని, రోజూ గోడౌను అద్దె కూడా పడుతుందని చెప్పారు. కుమారుడు బ్రతిమాలి 7,000 పంపాడు. ఆ తల్లి నా యొద్దకు వచ్చి, “డబ్బు పోతే పోయిందండి అయ్యగారూ, ఆయన పెట్టె వస్తుందా?” అని అడిగింది. భర్త పెన్షను కాగితాలు, పెళ్ళినాటి ఫోటోలు ఆ రేకుపెట్టెలోనే ఉన్నాయి.

అయిదవ రోజు రాత్రి లారీ వచ్చింది. పెట్టె వచ్చింది గాని తాళం విరిగి ఉంది. కాగితాలు ఉన్నాయి, ఫోటోలు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఫ్రిజ్ తలుపు సొట్టపోయింది. కుట్టుమిషను లేదు. కంపెనీకి ఫోను చేస్తే, “చీటీలో కుట్టుమిషను అని ఎక్కడుంది?” అన్నారు.

ఊరి కుర్రాళ్ళు డ్రైవరును చుట్టుముట్టి బండి తాళాలు లాక్కున్నారు. చేయిచేసుకునే వరకూ వచ్చింది. మా సంఘపెద్దలు అడ్డం వెళ్ళి అతణ్ణి అరుగు మీద కూర్చోబెట్టారు. అతనిది ఆ కంపెనీయే కాదు. గోడౌను దగ్గర 9,000 కిరాయికి కుదిరినవాడు, రెండు రాత్రులుగా నిద్రలేదు. టీ తాగిన తరువాత తన జేబులోని చీటీ తీసి చూపించాడు. ఏ గోడౌను, ఎవరు ఎక్కించారు, ఏ తేదీ, అన్నీ అందులో ఉన్నాయి. తరువాత మాకు పనికి వచ్చింది ఆ చీటీయే. కొట్టి పంపి ఉంటే అది మన చేతికి వచ్చేదా?

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో ఆ రాత్రి అర్థమైంది. ఫోనులో బేరమాడినవానికి లారీ ఉండనవసరం లేదు. ఒకడు బుకింగు తీసుకుంటాడు, వేరొకడు సర్దుతాడు, మూడవవాడు మోస్తాడు. రెండు మూడు ఇళ్ళ సామాను ఒకే గోడౌనులో దించి, మళ్ళీ ఒకే బండికి ఎక్కిస్తారు. నగాలు తారుమారయ్యేది అక్కడే.

అయినా చట్టం ప్రకారం బుకింగు తీసుకున్నవాడు చేతులు దులుపుకోలేడు. 1865 నాటి పాత చట్టం స్థానంలో 2007లో రోడ్డు రవాణా చట్టం చేశారు. అది 2011లో అమలులోకి వచ్చింది. సరుకు సేకరించేవాడు, నిలువ ఉంచేవాడు, పంపేవాడు కూడా దాని క్రిందికి వస్తారు. వారు రిజిస్ట్రేషను చేయించుకోవాలి. సామాను వివరం, విలువ వ్రాసి మనం వారికి ఒక పత్రం ఇవ్వాలి. వారు మనకు రసీదు ఇవ్వాలి. సామాను పోతే, ఎక్కువ రేటుకు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, నష్టపరిహారం కిరాయికి పది రెట్ల వరకే. అదీ మనం వ్రాసిన విలువకు మించదు. 22,000 కిరాయికి 2,20,000 వరకు అన్నమాట. టాక్సు పడుతుందేమోనని భయపడి విలువ తగ్గించి వ్రాసేవారున్నారు. వాడిన ఇంటి సామానుకు ఇ-వే బిల్లే అక్కరలేదు, గనుక ఆ భయం పెట్టుకోకండి.

ఇన్సూరెన్సు పేరుతో కొందరు అదనంగా వసూలు చేస్తారు. ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చిన పాలసీ కాగితం చూపించమనండి. అది లేకపోతే ఆ డబ్బు వారి పెట్టెలోకే పోయిందనుకోండి.

కాగితం అడిగితే ఎదుటివానిని అనుమానించినట్లవుతుందని మనవాళ్ళు మొహమాటపడతారు. నాకు ఆ మాట నచ్చదు. పొలం కౌలుకిచ్చినా, గేదెను అమ్మినా నలుగురి ఎదుట మాట్లాడుకోవడం మనకు అలవాటే గదా! ఒక్కొక్క నగం మీద నంబరు వేసి, ఏ నంబరులో ఏముందో రెండు ప్రతులు వ్రాసి, ఇద్దరూ సంతకం చేయండి. మొత్తం కిరాయి, చేరే తేదీ అందులోనే వ్రాయించండి. ఎక్కించక ముందు ఫోనుతో ఫోటోలు తీయించండి. దించుకున్నప్పుడు పగిలినవీ, రానివీ రసీదు మీద వ్రాసిన తరువాతే సంతకం పెట్టండి. పెన్షను కాగితాలు, పట్టాదారు పాసుపుస్తకం, సర్టిఫికెట్లు, బంగారం మాత్రం లారీ ఎక్కించవద్దు. బస్సులో ఒడిలో పెట్టుకొని రండి.

నష్టం జరిగితే బుకింగు రోజు నుండి 180 రోజుల లోపల కంపెనీకి వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఈ గడువు దాటితే దావాకు దారి మూసుకుపోతుంది. స్పీడు పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. 1915 నంబరుకు ఉచితంగా ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. 2019 నాటి వినియోగదారుల చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చినప్పటి నుండి, మనం నివసించే జిల్లాలోని కమిషనులోనే కేసు వేయవచ్చు. హైదరాబాదుకు తిరగనవసరం లేదు. రెండేళ్ళ లోపల వేయాలి. మనం చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఆ తల్లి ఇవన్నీ చేసింది. 1915కు చెప్పిన మూడు వారాలకు ఎక్కువగా తీసుకున్న 7,000 తిరిగి వచ్చాయి. మిషను సంగతి ఇంకా తేలలేదు, నోటీసుకు జవాబు రాలేదు. వచ్చే నెల కమిషనులో కేసు వేయబోతున్నారు. ఆమె కుమారుడు మిషను కొన్న బిల్లు కోసం పాత కాగితాలు వెదుకుతున్నాడు. అంతవరకు మా ఎలిమెంటరీ స్కూలు టీచరమ్మ తన మిషను ఆమె ఇంటికి పంపించింది. క్రిస్మసు జాకెట్లు దాని మీదే కుడుతున్నది.