సున్నా రాసినవాళ్లు పిల్లల నోళ్లు తెరిచి చూశారా?

2015లో తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు 967. 2020 నాటికి కేంద్ర జలశక్తి శాఖ లెక్కలో అవి సున్నా. నాయకులు ఆ సున్నాను సభల్లో ఎత్తి చూపించారు, పత్రికలు మొదటి పేజీల్లో అచ్చువేశాయి. ఒక్క మాట అడుగుతున్నాను. ఆ సున్నా దేన్ని కొలిచి రాశారు? ఊరికి మంచి నీళ్ల పైపు చేరిందా లేదా అన్నదాన్ని కొలిచి రాశారు. పైపు ఊరికి చేరడం వేరు, ఆ ఊళ్లో మూడేళ్ల పిల్ల కడుపులోకి పొద్దుగూకేలోపు ఏ నీళ్లు పోతున్నాయన్నది వేరు. మొదటిది ఇంజనీరు లెక్క. రెండోది బిడ్డ బతుకు. నల్లగొండ, పాలమూరు పిల్లల విషయంలో మనం మొదటిది చూసి రెండోది తేలిపోయిందని చేతులు దులుపుకున్నాం.

ఫ్లోరైడ్ పెద్దవాళ్లను, పసివాళ్లను ఒక్కలా పట్టదు. పెద్దవాళ్ల ఒంట్లో చేరినదాంట్లో దాదాపు సగం మూత్రంలో బయటికి పోతుంది. పెరుగుతున్న ఎముక దాన్ని వదలదు. పసివాడి ఎముక వచ్చినదాంట్లో ఎక్కువ భాగాన్ని తనలోనే దాచుకుంటుంది. ముందు పళ్ల మీది ఎనామిల్ పుట్టిన తొలి మూడు నాలుగేళ్లలోనే, చిగురు లోపల, ఎవరికీ కనబడకుండా తయారవుతుంది. ఆ ఏళ్లలో తాగిన నీళ్ల గార ఆ పిల్లకు ఆరేడేళ్లు వచ్చి పాలపళ్లు ఊడి కొత్త పళ్లు మొలిచాక గానీ బయటపడదు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ గార ఏ పేస్టుకూ పోదు, వంగిన ఎముక ఏ మందుకూ నిటారు కాదు. ఫ్లోరోసిస్ అనే ఈ రోగానికి చికిత్స లేదు, నివారణ ఒక్కటే ఉంది. అందుకే ఇక్కడ ఆలస్యం అంటే ఒక తరాన్ని వదిలేసుకోవడం.

ఆలస్యం ఎంతో చూడండి. నల్లగొండ జిల్లాలో ఈ రోగాన్ని 1945లో మర్రిగూడ ప్రాంతంలోని బట్లపల్లిలో గుర్తించారు. 1955లో డాక్టర్ సిద్దీఖీ నల్లగొండ ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. అదే 1955 డిసెంబర్ 10న, అదే జిల్లాలో, నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. కృష్ణ నీళ్లు కుడి కాలువలో గుంటూరు వైపు, ఎడమ కాలువలో మిర్యాలగూడ మీదుగా ఖమ్మం వైపు పారాయి. మెరకన ఉన్న మర్రిగూడ, మునుగోడు ఊళ్లు మాత్రం బోరింగు కొట్టుకుంటూ ఉండిపోయాయి. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఈ ప్రాంతపు వంకరకాళ్ల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. నాగపూర్ నీరి సంస్థ పటిక, సున్నంతో నీళ్లు శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. మన జిల్లా పేరు ఆఫ్రికా దేశాల దాకా పాకింది. మన పిల్లల బిందెలోకి మాత్రం మంచి నీళ్లు రాలేదు.

దీని పక్కన ఇంకో దేశం సంగతి పెట్టి చూడాలి. అమెరికాలో పసిపిల్లల రాత్రి దుస్తులకు మంట అంటుకోకుండా ట్రిస్ అనే రసాయనం పట్టించేవారు. అది జన్యువులకు చేటు చేస్తుందని, పిల్లల ఒంట్లోకి దిగవచ్చని ఆర్లీన్ బ్లూమ్, బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్తలు 1977 జనవరిలో రాశారు. ఏప్రిల్‌లో ఆ దుస్తుల అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది. అక్కడి కంపెనీలు తరవాత దాని చుట్టాల్లాంటి రసాయనాలే సోఫాల్లో, పరుపుల్లో కూరాయి, వాటి మీద పోరు ఇంకా నడుస్తూనే ఉంది. అయినా శాస్త్రవేత్త రాసిన మూడు నెలలకు అక్కడ ఒక విషం పిల్లల ఒంటి మీదినుంచి దిగింది. ఇక్కడ వైద్య పత్రికలో అచ్చయిన అరవై ఏళ్లకు ఇంటింటికీ నల్లా అన్న మాట వినబడింది.

ఈలోగా జనం ఊరుకున్నారా? 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి పోరాటం అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం సవరించి అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. నీళ్లడిగినవాళ్లకు దొరికిన మొదటి జవాబు అది. 2003లో ఫ్లోరోసిస్ బాధితుడైన శివన్నగూడెం కుర్రవాడు అంశాల స్వామిని ఢిల్లీ తీసుకుపోయి ప్రధాని వాజపేయి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. ఒక పిల్లవాడి ఒళ్లే వినతిపత్రం కావలసి వచ్చింది. స్వామి 2023 జనవరిలో పోయాడు. కృష్ణ నీళ్లను ఈ మెరకకు తెచ్చే ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం అప్పటికీ పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న అదే సొరంగం కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు.

ఇదంతా ప్రకృతి చేసిన పని, ఎవరినీ అనడానికి లేదు అంటారు కొందరు. ఆ మాట నేను ఒప్పుకోను. నల్లగొండ నుంచి పాలమూరు దాకా పరుచుకున్న గ్రానైటు రాయిలో ఫ్లోరైడ్ ఉండడం ప్రకృతి. చెరువులు పూడిపోనిచ్చి, ఆ రాయిని ఇంకా లోతుకు తొలిచి, నడివీధిలో చేతిపంపు బిగించి, ఇవే మంచి నీళ్లు తాగండి అన్నది ప్రభుత్వం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పాక కూడా ఆ పంపులను నడవనిచ్చింది మనుషులే.

ఇంటింటికీ నల్లా అన్న మిషన్ భగీరథ పథకం మంచి చేయలేదని నేననను. చేసింది. కానీ నల్లా రాని రోజు పొయ్యి ఆగదు. ఆ రోజు పప్పు ఉడికేది బోరు నీళ్లతోనే. అన్నం మెతుకు, పప్పు, గట్క తాము ఉడికిన నీళ్లను పీల్చుకుంటాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకునే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో అది చిక్కబడుతుంది. తల్లిపాలలోకి ఫ్లోరైడ్ దాదాపుగా రాదు. అదే డబ్బా పాలను బోరు నీళ్లతో కలిపితే, ఇంట్లో అందరికంటే చిన్న ప్రాణానికి బరువుతో పోలిస్తే అందరికంటే ఎక్కువ విషం అందుతుంది. ఇక వీధి చివరి ఫిల్టరు ప్లాంటు. దానిలో పొర ఎప్పుడు మార్చారో అడిగే అధికారి ఎవరు? అరిగిన పొర ఫ్లోరైడ్‌ను ఆపదు. కొత్త పొర పిల్లల ఎముకకు కావలసిన కాల్షియాన్ని కూడా తీసేస్తుంది.

సున్నా నిజమో కాదో తేల్చడం కష్టమేమీ కాదు. 2018లో పుట్టిన పిల్లలకు ఇప్పుడు కొత్త ముందు పళ్లు వచ్చాయి. పైపు నీళ్లే తాగి, పైపు నీళ్లతోనే వండింది తిని ఉంటే వాళ్ల పళ్లు తెల్లగా ఉండాలి. గార ఉంటే సున్నా అబద్ధం. పిల్లల పళ్లు ఏ శాఖ చెప్పినట్టూ వినవు. వాటిని చూడడానికి నార్కట్‌పల్లిలో కామినేని దంత వైద్య కళాశాల ఉంది, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ దంత వైద్య కళాశాల ఉంది. పగటి వెలుగు, చిన్న అద్దం చాలు. రెండు జిల్లాల్లో ప్రతి ప్రభుత్వ బడిలో రెండో తరగతి, మూడో తరగతి పిల్లల నోళ్లు చూసి, ఊరి పేరుతో లెక్క బయటపెట్టండి. అయిదేళ్లలోపు పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయండి. పళ్లు మొలిచేదాకా ఆగకుండా ఇవాళ తాగుతున్నదేమిటో అది చెబుతుంది.

ప్రతి అంగన్‌వాడీలో వంట నీళ్లను ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి పరీక్షించి ఆ అంకెను గోడ మీద తెలుగులో రాయండి. ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు పాలు, గుడ్డు పెడుతున్నారు. మంచిదే, కాల్షియం ఫ్లోరైడ్‌ను కొంత అడ్డుకుంటుంది. ఆ భోజనం ఏ నీళ్లతో వండుతున్నారో కూడా చెప్పండి.

మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ, నాగర్‌కర్నూల్ తల్లులారా, తండ్రులారా! వచ్చే గ్రామసభలో మీ ఊరి అంగన్‌వాడీ నీళ్ల అంకె అడగండి. చెప్పలేకపోతే తీర్మానం రాయించండి. మంచి నీళ్లు బిందెడే దొరికితే అవి ముందు పిల్లల తాగుడుకు, పిల్లల వంటకు వాడండి. బోరు నీళ్లు బట్టలకు, బాసాన్లకు చాలు. ఏ పార్టీ వాడైనా మీ గడపకొచ్చి ఫ్లోరైడ్ పోయిందంటే, మీ ఏడేళ్ల బిడ్డను ముందు నిలబెట్టి నోరు తెరవమనండి. ఆ పళ్లు చూశాక కూడా సున్నా అనే ధైర్యం ఉన్నవాడికే ఓటేయండి.