రిజిస్ట్రేషన్ అయితే హక్కు వచ్చేసినట్టేనా?

ఎకరం పొలం కొనాలంటే మనం డబ్బు లెక్క పదిసార్లు చూసుకుంటాం. కాగితాల సంగతి మాత్రం దస్తావేజు లేఖరి చూసుకుంటాడులే అని వదిలేస్తాం. మనం చెప్పిన సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు పద్ధతిగా రాసిపెట్టడమే ఆయన పని. అమ్మేవారికి నిజంగా హక్కుందో లేదో తేల్చే బాధ్యత ఆయనది కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఆ పనిని సబ్‌రిజిస్ట్రారుకూ అప్పగించలేదు.

ఇంగ్లండులో ఇందుకోసమే కన్వేయన్సరు ఉంటాడు. కొనేవారి తరఫున హక్కు పత్రాలు పరిశీలించి, సొమ్ము చెల్లింపు, రిజిస్ట్రేషన్ పూర్తయ్యేదాకా వెంట ఉంటాడు. మన పల్లెల్లో అలాంటి అండ లేదు. కనుక బయానా ఇవ్వకముందే లింకు దస్తావేజులు, ఈసీ, అడంగల్ లేదా పహాణీ, వన్‌బీ తెప్పించుకోవాలి. ఆ నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. సర్వేయరుతో కొలిపించాలి.

ఈసీ ఒక్కటే చూసి ధీమా పడకూడదు. నోటిమాట పంపకాలు, రిజిస్టరు కాని ఒప్పందాలు అందులో కనబడవు. పిత్రార్జితమైతే 2005 హిందూ వారసత్వ సవరణ ప్రకారం ఆడపిల్లలకూ సమాన వాటా ఉంది. వారి సంతకాలు లేకుండా కొంటే రేపు కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు.

వకీలు ఫీజు చిన్న రైతుకు భారమే. స్టాంపు డ్యూటీ ముక్కుపిండి వసూలు చేసే ప్రభుత్వం ప్రతి మండలంలో ఉచిత హక్కు పరిశీలన ఏర్పాటు చేయాలి. ఇది మనం గట్టిగా అడగాల్సిన డిమాండు.