డబ్బా మీది రాతను చూసి తాళం కొనకండి

ఇబ్రిలోని మా క్యాంపులో లాప్‌టాప్ ఉన్నది నలుగురైదుగురికే. అందుకే శుక్రవారం వచ్చిందంటే నా మంచం చుట్టూ జనమే. ఒకరికి పాస్‌పోర్టు స్కాన్ కావాలి, ఇంకొకరికి అగ్రిమెంటు కాపీ కావాలి. మొన్న జగిత్యాల దిక్కు తమ్ముడొకడు తొమ్మిది మంది కాగితాలున్న పెన్‌డ్రైవ్‌ను బజార్లోని జిరాక్స్ దుకాణంలో మరిచిపోయాడు. రెండు రోజుల తర్వాత అది అక్కడే దొరికింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నా భయం మాత్రం పోలేదు. ఆ రెండు రోజుల్లో ఎవరైనా కాపీ చేసుకున్నారో లేదో ఎట్లా తెలుస్తుంది?

గల్ఫ్‌లో మనవాళ్లకు ఆ కాగితాలే ఆస్తి. జీతం రాలేదని ఫిర్యాదు చేయాలన్నా, పాస్‌పోర్టు పోయిందని మస్కట్‌లో మన ఎంబసీ గడప ఎక్కాలన్నా అవే ఆధారం. పరాయి చేతిలో పడితే అవే మన మెడకు చుట్టుకుంటాయి.

తర్వాతి వారం ఆ తమ్ముడే "మిలిటరీ స్థాయి భద్రత" అని రాసి ఉన్న ఖరీదైన పెన్‌డ్రైవ్ ఒకటి చూసొచ్చి, "అన్నా, ఇది కొంటే ఇగ ఫికరు లేదు గదా?" అని అడిగాడు. ఆ రాతను చూసి కొనొద్దన్నాను. ఎందుకో చెప్తాను.

2010 మొదట్లో కింగ్‌స్టన్, శాన్‌డిస్క్, వెర్బాటిమ్ కంపెనీల కొన్ని ఎన్‌క్రిప్షన్ పెన్‌డ్రైవ్‌లలోని లోపం బయటపడింది. వాటిలో వాడిన ఏఈఎస్ పద్ధతి గట్టిదే. అమెరికా ప్రభుత్వ ప్రమాణమైన ఫిప్స్ 140-2 ముద్ర కూడా ఉంది. కానీ పాస్‌వర్డు సరైనదో కాదో చూసేది డ్రైవ్ కాదు, కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం. అది సరే అన్నాక డ్రైవ్‌కు వెళ్లే సంకేతం ఎప్పుడూ ఒకటే. జర్మనీ నిపుణులు ఆ సంకేతాన్ని పట్టుకుని, పాస్‌వర్డు లేకుండానే తెరిచి చూపించారు. తలుపు ఇనుముదే, తాళంచెవి మాత్రం గుమ్మం మీదే ఉంది!

2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇట్లాంటి లోపాలనే కొన్ని ఎస్ఎస్‌డీలలో కనిపెట్టారు. వాటిలో శామ్‌సంగ్ టీ3, టీ5 పోర్టబుల్ డిస్కులు కూడా ఉన్నాయి.

మరి దేన్ని నమ్మాలి? నా మాట ఒక్కటే: లోపల ఏముందో బయటివాళ్లు విప్పి చూడగలిగినదాన్ని నమ్మండి. ట్రూక్రిప్ట్ సంగతి చూడండి. మన రాష్ట్రం రావడానికి ఐదు రోజుల ముందు, 2014 మే 28న, దాన్ని తయారుచేసినవాళ్లు "ఇది సురక్షితం కాదు" అని ప్రకటించి తప్పుకున్నారు. వాళ్లెవరో కూడా లోకానికి చెప్పలేదు. అయినా సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి పరీక్ష ఆగలేదు. కావాలని పెట్టిన దొంగదారులు కనబడలేదని 2015లో తేల్చారు. అదే కోడ్ నుంచి పుట్టిన వెరాక్రిప్ట్‌ను 2016లో పరీక్షిస్తే తీవ్రమైన లోపాలు దొరికాయి, వాటిలో చాలావాటిని సరిచేశారు. లోపం దొరకడం నామోషీ కాదు. చూడనివ్వకపోవడమే అనుమానించాల్సిన విషయం.

వెరాక్రిప్ట్ ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి. ఫోన్‌లో నేరుగా తెరుచుకోదు. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో అడ్మిన్ అనుమతి లేకుంటే సాధారణంగా నడవదు. నడిచినా అక్కడ పాస్‌వర్డు కొట్టడం మంచిది కాదు. ప్రింటు కావాలంటే ఆ ఒక్క కాగితాన్నే వేరే పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోండి.

ఇంకో మాట. గట్టి తాళం యజమానిని కూడా లోపలికి రానివ్వదు. పాస్‌వర్డు మరిచిపోతే వెరాక్రిప్ట్‌లో తెరిచే దారే లేదు. అందుకే పేరు, ఫోన్ నంబరు కాకుండా, సంబంధం లేని ఐదారు మాటలు కలిపి పెట్టుకోండి. కాగితం మీద రాసి ఇంటి దగ్గర నమ్మకమైన మనిషి చేతికివ్వండి. రెండో కాపీ ఇంకో డ్రైవ్‌లో ఉంచండి.

ఆ తమ్ముడు కొత్తది కొనలేదు. పోయిన శుక్రవారం పాత పెన్‌డ్రైవ్‌నే తుడిచి, వెరాక్రిప్ట్‌తో తాళం వేశాం. పాస్‌వర్డు వాడే పెట్టుకున్నాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.