కోడ్ వచ్చిందంటే సెన్సార్ పోయినట్టేనా?

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెట్టారు, ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సార్ కోడ్ వచ్చింది, సెన్సార్ మార్చేశారు. వారం తిరక్కుండా లైటు మళ్ళీ వెలిగింది. డీజిల్ బండి నడిపేవాళ్ళ దగ్గర ఈ కథ వినే ఉంటారు. నన్నడిగితే ఇది రిపేరు కాదు, లాటరీ.

బీఎస్6 వచ్చాక, అంటే 2020 ఏప్రిల్ నుంచి, డీజిల్ కార్లలో పొగ బయటికొచ్చే దారిలో డీపీఎఫ్ అనే మసి వడపోత మామూలైపోయింది. అది నిండితే దాదాపు 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చెయ్యాలి. ఆ వేడి ఎంతుందో ఈసీయూకి చెప్పేది ఈ సెన్సారే. దాని మాట మీద నమ్మకం పోతే ఈసీయూ ఆ కాల్చే పనే ఆపేయొచ్చు. మసి పేరుకుంటుంది, పికప్ తగ్గుతుంది, చివరికి డీపీఎఫ్‌కే ఎసరు. దాని ఖరీదు ముందు సెన్సార్ ఖరీదు చాలా చిన్నది.

ఇంతకీ ఆ కోడ్ ఏమంటోంది? పీ0544 అంటే సెన్సార్ 'సర్క్యూట్'లో లోపం అని. సర్క్యూట్ అంటే సెన్సారొక్కటే కాదు కదా! వైర్లు, కనెక్టర్, ఈసీయూ పిన్ను, అన్నీ అందులోనివే. కోడ్ ఫిర్యాదు మాత్రమే, విచారణ ఇంకా మొదలే కాలేదు.

మా బాబాయి ట్యాక్సీకి ఒక గ్యారేజీలో రెండుసార్లు సెన్సార్ మార్చారు. సెలవులకి వెళ్ళినప్పుడు ఒక పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకుండా, తాళం మాత్రం ఆన్ చేసి ఓబీడీ రీడర్‌లో చూశాను. రాత్రంతా ఆగి ఉన్న బండిలో కూలెంట్, లోపలికెళ్ళే గాలి, ఎగ్జాస్ట్ మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. మొదటి రెండూ 27, 28. ఎగ్జాస్ట్ మాత్రం కొలిమిలా వందల్లో ఉంది! చల్లటి బండికి అంత జ్వరమా? కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టాను. అది ప్లాటినం రకం, సున్నా డిగ్రీల దగ్గర 200 ఓమ్‌లు, గది వేడికి సుమారు 220. నాకు 221 వచ్చింది. సెన్సార్ బంగారంలా ఉంది. మళ్ళీ తగిలించి వైరు కట్టని కదిపితే రీడింగ్ గెంతింది. హీట్ షీల్డ్ అంచుకి రాసుకుని వైరు లోపల తెగి ఉంది. ఈ రకంలో వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి తెగిన వైరు కూడా ఈసీయూకి విపరీతమైన వేడిలాగే కనిపిస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. కొన్ని బండ్లలో థర్మిస్టర్ రకం వాడతారు. అది తిరగేసి పనిచేస్తుంది, వైరు తెగితే గడ్డకట్టే చలి చూపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ లక్షల ఓమ్‌లు కూడా ఉండొచ్చు. మీటర్ చూసి 'ఓపెన్ అయిపోయింది' అని బాగున్న సెన్సార్‌ని చెత్తబుట్టలో వేసే ప్రమాదం ఉంది. అందుకే మీటర్ కంటే ముందు సర్వీస్ మాన్యువల్ తెరవాలి.

మెకానిక్‌ని ఒక్కడినే తిట్టి లాభం లేదు. కొత్త పార్టుకి బిల్లు కట్టే మనం, గంటసేపు వెతికినందుకు కడతామా? సెన్సార్లకి రెండుసార్లు డబ్బు పోసిన మా బాబాయే "ఒక్క వైరుకి ఇంతసేపా రా!" అన్నాడు.

మరి మన సంగతి? మెజర్‌మెంట్స్ ల్యాబ్‌లో ఆర్‌టీడీని వేడినీళ్ళలో ముంచుతాం, గ్రాఫ్ సరళరేఖలా వస్తుంది, రికార్డు మీద సంతకం పడుతుంది. అక్కడ ప్రతి పరికరమూ సత్యహరిశ్చంద్రుడే. అబద్ధం చెప్పే పరికరాన్ని పట్టుకోవడం ఏ ప్రయోగంలోనూ లేదు. ల్యాబ్ అసిస్టెంట్ గారు ఒక్కో టేబుల్ మీద ఒక్కో లోపం దాచిపెట్టి, ఒకచోట సగం తెగిన వైరు, ఒకచోట తుప్పు పట్టిన పిన్ను, ఇంకోచోట నిజంగానే చెడిపోయిన ఆర్‌టీడీ, "ఎక్కడుందో చెప్పండి" అని మూడు గంటలు వదిలేస్తే చాలు. కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఒక కటింగ్ ప్లేయరుంటే వచ్చే సెమిస్టర్‌కే మొదలుపెట్టొచ్చు.